ఆట ఆగితే ఎవరి పొయ్యి ఆరుతుంది?

2022 మార్చి మొదటి వారంలో ఒక రాత్రి న్యూజెర్సీ నుంచి ఫోన్ వచ్చింది. చేసింది మా సండే స్కూల్లో పెరిగిన అబ్బాయి. ఉద్యోగానికి వెళ్ళి అక్కడే స్థిరపడ్డాడు. "అయ్యగారూ, మావాడితో వేగలేకపోతున్నాను. బేస్‌బాల్ సీజన్ వాయిదా వేశారని రెండు రోజులుగా మూతి ముడుచుకుని కూర్చున్నాడు. ఈసారి మొదట్లోనే స్టేడియానికి తీసుకెళ్తానని మాటిచ్చాను. వాడికేం చెప్పమంటారు?" అన్నాడు.

మొదట నవ్వొచ్చింది. లోకంలో ఇన్ని బాధలుండగా ఆట వాయిదా పడడం కూడా ఒక బాధేనా అనుకున్నాను. ఫోన్ పెట్టేశాక ఆ నవ్వు నాకే నచ్చలేదు. పదేళ్ళ పిల్లవాడి దుఃఖం చిన్నదని చెప్పడానికి నేనెవరిని? 2020లో మార్చి 29న మొదలవ్వాల్సిన ఐపీఎల్ సెప్టెంబర్ 19 దాకా మొదలవ్వకపోతే మన యువకులు ఎంత అల్లాడారో చూసినవాణ్ణే కదా!

బేస్‌బాల్ అమెరికా వాళ్ళకు ఏడాదికోసారి వచ్చే పండుగ లాంటిది కాదు, దాదాపు రోజూ ఇంట్లో ఉండే చుట్టం లాంటిది. 30 జట్లు. ఒక్కో జట్టుకు 162 మ్యాచ్‌లు. మార్చి చివరో ఏప్రిల్ మొదటో మొదలైతే సెప్టెంబర్ దాటేదాకా ఇంచుమించు ప్రతిరోజూ ఆటే. మంచు కరిగి ఎండ పడగానే ఆట మొదలవుతుంది కాబట్టి, చలికాలం పోయిందనడానికి అక్కడ చాలామందికి అదే గుర్తు. ముసలివాళ్ళు రేడియో పక్కన పెట్టుకుని సాయంత్రాలు గడుపుతారు. తాత, తండ్రి, మనవడు ఒకే జట్టును పట్టుకుని ఏళ్ళ తరబడి ఉంటారు. అలాంటి ఆట చెప్పిన రోజున మొదలవ్వకపోతే ఇంట్లో దీపం వెలగనట్టే ఉంటుంది.

ఇంతకీ ఆ ఏడు సీజన్ ఎందుకు ఆగింది? వానకో రోగానికో కాదు. ఆటగాళ్ళ సంఘానికీ జట్ల యజమానులకూ మధ్య ఉన్న ఒప్పందం 2021 డిసెంబర్ 1తో ముగిసింది. మర్నాడే యజమానులు లాకౌట్ ప్రకటించారు. ఈ మాట మనకు కొత్త కాదు. షోలాపూర్, ముంబయి మిల్లు పేటల్లో బతికిన మన తెలుగు కుటుంబాలకు సమ్మెకూ లాకౌట్‌కూ తేడా ఎవరూ చెప్పనక్కర్లేదు. పనివాడు పని ఆపితే సమ్మె. యజమాని గేటుకు తాళం వేస్తే లాకౌట్. 2022లో తాళం వేసింది యజమానులు. ఆ తాళం 99 రోజులు ఉంది. మార్చి 10న రాజీ కుదిరింది. మార్చి 31న మొదలవ్వాల్సిన సీజన్ ఏప్రిల్ 7న మొదలైంది.

ఆ రోజుల్లో అభిమానులు కాలం ఎలా గడిపారు? కొందరు పాత మ్యాచ్‌లు మళ్ళీ చూశారు. కొందరు కాలేజీ జట్ల ఆటకు వెళ్ళారు. 2020లో కరోనా వచ్చినప్పుడైతే ఇంకా విచిత్రం. అమెరికాలో ఆట లేదు కాబట్టి మే నెల నుంచి దక్షిణ కొరియా లీగ్ మ్యాచ్‌లను అమెరికా టీవీలో ప్రత్యక్షంగా చూపించారు. తెల్లవారకముందే లేచి, పేరు కూడా పలకరాని జట్లకు జేజేలు కొట్టినవాళ్ళున్నారు. జులై 23న ఆట మొదలయ్యాక స్టేడియంలోకి జనాన్ని రానివ్వకపోతే, డబ్బు కట్టి తమ బొమ్మను అట్టమీద ముద్రించి కుర్చీలో కూర్చోబెట్టించుకున్నారు. ఆ డబ్బులో కొంత దానధర్మాలకు వెళ్ళింది కూడా.

ఇవన్నీ చూసి వెక్కిరించాలని నాకు లేదు. ఎదురుచూపును మనిషి ఎలాగోలా నింపుకుంటాడు. నా బాధ వేరే. ఆ ఎదురుచూపులో అభిమానుల నోట ఎక్కువగా వినిపించిన మాట ఒకటుంది: "ఇది కోటీశ్వరులకూ మహాకోటీశ్వరులకూ మధ్య గొడవ. ఎవరెలా పోతే మనకేం? ఆట మొదలుపెట్టండి చాలు." వినడానికి న్యాయంగానే ఉంది. రెండు పక్షాలనూ సమానంగా తిట్టినట్టుంది. కానీ ఆ మాటలో ఒక మోసం ఉంది. రెండు వైపులా డబ్బున్నవాళ్ళే ఉన్నారని చెప్పి, డబ్బు లేనివాళ్ళను లెక్కలోంచే తీసేస్తుంది.

చరిత్ర కొంచెం చూడండి. ఒకప్పుడు ఆటగాడు జట్టుకు జీవితాంతం సొత్తే. యజమాని అమ్మితే వెళ్ళాలి, ఉంచితే ఉండాలి. కర్ట్ ఫ్లడ్ అనే నల్లజాతి ఆటగాడు 1969లో తనను వేరే జట్టుకు మార్చినప్పుడు ఒప్పుకోలేదు. తాను కొనడానికీ అమ్మడానికీ సరుకు కాదని లీగ్ కమిషనర్‌కు ఉత్తరం రాశాడు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1972లో 5-3 తేడాతో ఓడిపోయాడు. అతని ఆట జీవితం అప్పటికే అయిపోయింది. కానీ అతను వేసిన ప్రశ్న ఆగలేదు. 1975 డిసెంబర్‌లో ఒక మధ్యవర్తి తీర్పుతో ఆ జీవితకాలపు కట్టుబాటు తెగింది.

సమ్మె వల్ల సీజన్ మొదటిసారి ఆలస్యమైంది కూడా 1972లోనే. ఆటగాళ్ళు అడిగింది విలాసాలు కాదు, ప్రధానంగా పెన్షన్. 13 రోజుల సమ్మెలో 86 మ్యాచ్‌లు పోయాయి, వాటిని మళ్ళీ ఆడించలేదు. దాంతో జట్లన్నీ సమాన సంఖ్యలో మ్యాచ్‌లు ఆడలేకపోయాయి. ఆ ఏడు డెట్రాయిట్ 86 గెలిచి 70 ఓడింది. బోస్టన్ 85 గెలిచి 70 ఓడింది. ఆ ఒక్క మ్యాచ్ తేడాతో బోస్టన్ డివిజన్ పోగొట్టుకుంది. బోస్టన్ అభిమాని కడుపుమంట నాకు అర్థమవుతుంది. కానీ ఆ మంటలో పెన్షన్ అడిగిన మనిషి కనబడకుండా పోకూడదు.

1994లో ఆటగాళ్ళు ఆగస్టు 12న సమ్మెకు దిగారు. జీతాలకు పరిమితి పెట్టాలన్న యజమానుల పట్టుదలే గొడవకు మూలం. ఆ ఏడు వరల్డ్ సిరీస్ రద్దయింది. 1995 మార్చి 31న న్యాయమూర్తి సోనియా సోటోమయోర్, నిబంధనలను ఏకపక్షంగా మార్చవద్దని యజమానులను ఆదేశించాకే సమ్మె విరమణ జరిగింది. సీజన్ ఏప్రిల్ 25న మొదలైంది, 162కు బదులు 144 మ్యాచ్‌లతో. న్యూయార్క్ షే స్టేడియంలో ముగ్గురు అభిమానులు "దురాశ" అని రాసిన చొక్కాలు వేసుకుని మైదానంలోకి దూకి, ఆటగాళ్ళ వైపు డాలర్ నోట్లు విసిరారు. కోర్టు ఆదేశం యజమానుల మీద. నోట్లు పడింది ఆటగాళ్ళ కాళ్ళ దగ్గర. ఎందుకు? ఆటగాడు కళ్ళెదుట ఉంటాడు, యజమాని ఉండడు. మన కోపం ఎప్పుడూ కళ్ళెదుట ఉన్నవాడి మీదే పడుతుంది. రైలు ఆలస్యమైతే టికెట్ కలెక్టర్‌ను తిట్టేవాళ్ళం మనం.

ఆటగాళ్ళందరూ పేదలని నేను చెప్పడం లేదు. 2022లో పెద్ద లీగ్‌లో కనీస వార్షిక జీతమే 5,70,500 డాలర్ల నుంచి 7 లక్షలకు పెరిగింది. వాళ్ళ కోసం కన్నీళ్ళు పెట్టుకోనక్కర్లేదు. అయితే వాళ్ళ కింద ఇంకో లోకం ఉంది. మైనర్ లీగ్. రేపు పెద్ద లీగ్‌కు వెళ్తామన్న ఆశతో చిన్న ఊళ్ళలో ఆడే వేలమంది కుర్రాళ్ళు. 2021లో అక్కడ కింది మెట్టు మీద ఆడే ఆటగాడికి కనీస జీతం వారానికి 400 నుంచి 500 డాలర్లు. అదీ సీజన్ నడిచిన వారాలకే. 2020లో వాళ్ళ సీజన్ మొత్తం రద్దయింది. అప్పుడు లాస్ ఏంజెలెస్ జట్టు బౌలర్ డేవిడ్ ప్రైస్, ఆ జట్టుకింద ఉన్న మైనర్ లీగ్ కుర్రాళ్ళకు తలా 1,000 డాలర్లు తన సొంత డబ్బు ఇచ్చాడు. అప్పటికి ఆ జట్టు తరఫున అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు.

ఆ మెట్టుకు ఇంకా కింద స్టేడియంలో పల్లీలు, హాట్‌డాగ్‌లు అమ్మేవాళ్ళు, టికెట్లు చూసేవాళ్ళు, ఊడ్చేవాళ్ళు, బయట పార్కింగ్ చూసుకునేవాళ్ళు ఉన్నారు. వీళ్ళలో చాలామందికి మ్యాచ్ ఉన్న రోజే కూలి. 2022లో పోయిన మ్యాచ్‌లను తర్వాత సర్దుబాటు చేసి 162 పూర్తి చేశారు. ఆటగాళ్ళకు పూర్తి జీతం వచ్చింది. కానీ ఫ్లోరిడా, అరిజోనా రాష్ట్రాల్లో సీజన్‌కు ముందు జరిగే సన్నాహక మ్యాచ్‌లు ఫిబ్రవరి 26కు బదులు మార్చి 17న మొదలయ్యాయి. మధ్యలో రద్దయినవి రద్దయినట్టే. వాటిమీద ఆధారపడ్డ చిన్న హోటళ్ళకూ దినకూలీలకూ ఆ మూడు వారాలు తిరిగి రాలేదు. ద్రాక్షతోట ఉపమానంలో సాయంకాలం దాకా సంతవీధిలో నిలబడ్డవాళ్ళు నాకు గుర్తొస్తారు. వాళ్ళు పని చేయమన్నవాళ్ళు కారు, పనికి పిలిచేవాడు లేనివాళ్ళు.

వాళ్ళను ఎవరూ తలచుకోలేదని కూడా అనలేం. 2020లో 30 జట్లు తలా 10 లక్షల డాలర్లు స్టేడియం సిబ్బంది కోసం ప్రకటించాయి. 2022 లాకౌట్‌లో ఆటగాళ్ళ సంఘం, అమెరికా కార్మిక సంఘాల సమాఖ్యతో కలిసి 10 లక్షల డాలర్ల నిధి పెట్టింది. మంచిదే. కానీ ఒకరి దయ మీద ఆధారపడ్డ కూలి కూలి కాదు. ఆట ఎప్పుడు ఆగినా తమకు ఎంత రావాలో ఒప్పందంలో రాసుకుని ఉండడం హక్కు. ఆ హక్కు కోసం అడిగే గొంతు అభిమానులదే కావాలి. ఎందుకంటే ఆ వ్యాపారం మొత్తం నడిచేది వాళ్ళ టికెట్ డబ్బుతో, వాళ్ళు చూసే టీవీతో.

అభిమానికి బలం లేదని ఎవరన్నారు? 1995లో స్టేడియానికి వచ్చే జనం సుమారు 20 శాతం తగ్గారు. యజమానులు వణికారు. అయితే ఆ కోపం ఏ ప్రశ్నగానూ మారలేదు. 1998లో ఇద్దరు బ్యాటర్లు హోమ్‌రన్‌ల రికార్డు కోసం పోటీపడగానే జనం అన్నీ మరిచి తిరిగొచ్చారు. ఆ ఇద్దరిలో ఒకరైన మార్క్ మెక్‌గ్వైర్ తాను స్టెరాయిడ్లు వాడానని 2010లో ఒప్పుకున్నాడు. ఆట మళ్ళీ మొదలైతే చాలు అనుకునే అభిమానికి అందేది ఇలాంటి ఆటే.

ఇప్పుడున్న ఒప్పందం 2026 డిసెంబర్ 1తో ముగుస్తుంది. మళ్ళీ గేటుకు తాళం పడవచ్చు, పడకపోవచ్చు. పడితే మాత్రం అక్కడి మన పిల్లలకూ, ఇక్కడ ఏ ఆటనైనా ప్రాణంగా చూసే యువతకూ నేను చెప్పేది ఒక్కటే. బాధపడండి, తప్పులేదు. కానీ "ఎప్పుడు మొదలవుతుంది?" అని అడిగేముందు "ఈ రోజు ఎవరికి కూలి పోయింది?" అని అడగండి. ఆట మొదలయ్యాక కూడా ఆ ప్రశ్న మరిచిపోకండి.

ఆ రాత్రి ఫోన్‌లో మా అబ్బాయికి తోచింది చెప్పాను. "మీ దగ్గర్లో మైనర్ లీగ్ మ్యాచ్ ఏదైనా ఉంటే తీసుకెళ్ళు బాబూ. లాకౌట్ వాళ్ళకు లేదుగా." ఏప్రిల్‌లో బ్రిడ్జ్‌వాటర్ అనే ఊళ్ళో ఆడే సోమర్సెట్ పేట్రియట్స్ మ్యాచ్‌కు వెళ్ళొచ్చి మళ్ళీ ఫోన్ చేశాడు. పిల్లవాడు దగ్గరగా కూర్చుని ఆట చూసి సంబరపడ్డాడట. ఇంటికొచ్చే దారిలో ఆ ఆటగాళ్ళ జీతం ఎంతని అడిగాడట. అంతకుముందు ఏడాది వాళ్ళ స్థాయిలో కనీసం వారానికి 600 డాలర్లని చెబితే, "అది న్యాయమేనా నాన్నా?" అన్నాడట.

ఆ సెప్టెంబర్‌లో మైనర్ లీగ్ ఆటగాళ్ళు యూనియన్‌లో చేరారు. 2023లో కుదిరిన మొదటి ఒప్పందంలో ఆ స్థాయి కనీస జీతం ఏడాదికి 13,800 డాలర్ల నుంచి 30,250కు పెరిగింది. అది వాళ్ళు కలిసి నిలబడి సాధించుకున్నది, మా పిల్లవాడి ప్రశ్న వల్ల వచ్చింది కాదు. అయినా ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్న పిల్లవాడు ఇకమీద ఏ గేటుకు తాళం పడినా, లోపల ఆట గురించే కాక బయట నిలబడ్డవాళ్ళ గురించి కూడా ఆలోచిస్తాడని నా నమ్మకం.