గడప గడపకూ మనమే పోదాం



1998లో అమెరికాలోని న్యూ హేవెన్‌లో అలన్ గెర్బర్, డొనాల్డ్ గ్రీన్ అనే ఇద్దరు రాజనీతి శాస్త్రవేత్తలు దాదాపు 30 వేల మంది ఓటర్ల మీద ఒక పరిశోధన చేశారు. కొందరి ఇళ్లకు మనుషుల్ని పంపి మాట్లాడించారు. కొందరికి ఉత్తరాలు పంపారు, కొందరికి ఫోన్లు చేయించారు. ఇంటికెళ్లి మాట్లాడిన చోట పోలింగ్ బాగా పెరిగింది. ఉత్తరాలతో కొద్దిగానే పెరిగింది. ఫోన్లతో పెరగనే లేదు.

ఇప్పుడు మన సంగతి చూడండి. 2024 లోక్‌సభ ఎన్నికల్లో సికింద్రాబాద్‌లో సగం మంది కూడా ఓటెయ్యలేదు, దాదాపు 49 శాతమే. ఎస్టీ రిజర్వుడు స్థానం ఆదిలాబాద్‌లో మాత్రం 74 శాతం దాకా పడ్డాయి. మే ఎండలో కూడా మన ఊళ్లు బూత్‌కి కదిలాయి. మరి ఆ ఓటుకి జవాబు అడిగేదెవరు?

గడప దగ్గర మాటకున్న బలం పార్టీలకి తెలుసు. అందుకే ఎన్నికలప్పుడే వస్తారు, పోడు పట్టా మాట ఎత్తుతారు, పోతారు.

సికింద్రాబాద్‌లో చదువుకుంటున్న, పని చేసుకుంటున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! గ్రూపులో మెసేజ్ ఫార్వర్డ్ చేసి ఊరుకోకండి. ఈసారి పండక్కి ఊరికి పోయినప్పుడు పది గడపలు తొక్కండి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పెట్టిన దరఖాస్తు ఏమైందో ఇంటింటా అడిగి రాసుకోండి. ఓటడగడానికి వచ్చినోళ్ల ముందు ఆ కాగితం పెడదాం.