నీలికిరణపు డిస్కులును, మన జ్ఞాపకములును

వ్రాసినది నిలువవలెనని మనుష్యుడు పూర్వకాలమునుండియు యత్నించుచున్నాడు. మన తిరుమలగిరికి చేరువనున్న ఫణిగిరి బౌద్ధక్షేత్రమున ఇక్ష్వాకురాజగు రుద్రపురుషదత్తుని 18వ రాజ్యసంవత్సరమునాటి శిలాశాసనము దొరకినది. తాళ్లపాకవారి సంకీర్తనములు రాగిరేకులపై చెక్కబడి తిరుమల యాలయమున దాచబడెను. శిల, రాగి, తాటియాకు, కాగితము అను నీ వరుసలో మనకాలమున వచ్చినది కాంతిచే వ్రాయబడు డిస్కు. దానిలో నుంచితిమి గదా యని నిశ్చింతగా నుండుట తగదని నా యభిప్రాయము.

2006వ సంవత్సరమున పయొనీర్ మొదలగు కంపెనీలు, బల్లమీది కంప్యూటరులలో బిగించుటకు వీలగు బ్లూ-రే రైటర్లను విక్రయింపసాగెను. పయొనీర్‌వారి తొలి రైటరు వెల వేయి డాలర్లకు చేరువగా నుండెను. సీడీని చదువు కిరణపు తరంగదైర్ఘ్యము 780 నానోమీటర్లు, డీవీడీకి 650, బ్లూ-రేకు 405 మాత్రమే. గంటము మొన సన్నమగుకొలదియు నొక్క యాకున నెక్కువ పంక్తులు పట్టును గదా! ఇదియు నట్టిదే. కావున సీడీలో 700 మెగాబైట్లును, డీవీడీ యొక్క యొక పొరలో 4.7 గిగాబైట్లును పట్టగా, బ్లూ-రే యొక్క యొక పొరలో 25 గిగాబైట్లు పట్టును. మిక్కిలి స్పష్టమగు హై-డెఫినిషన్ చిత్రములను ఇంటిలోనే డిస్కుపై వ్రాసికొనుట దీనివలన సాధ్యమయ్యెను.

అయినను ఆ వైభవ మెంతకాలము నిలిచినది? దీనికి పోటీగా వచ్చిన హెచ్‌డీ డీవీడీని తోషిబావారు 2008 ఫిబ్రవరిలోనే విడిచిపెట్టిరి. చవుకవెలకు సినిమా డిస్కులమ్మి పేరొందిన మన దేశపు మోసర్ బేయర్ కంపెనీ 2018లో మూసివేతకు గురియయ్యెను. వ్రాయదగిన బ్లూ-రే డిస్కుల తయారీని సోనీవారు 2025 ఫిబ్రవరిలో మానిరి. నేడు కొనుచున్న లాప్‌టాపులలో అనేకమునకు డిస్కు పెట్టు అరయే లేదు.

ఇచ్చటనే చిక్కున్నది. ఫణిగిరి శాసనమును చదువుటకు బ్రాహ్మీలిపియు, అందలి భాషయు నేర్చిన కన్నులు చాలును. డిస్కును చదువుటకు కన్నులు చాలవు, యంత్రము కావలెను. యంత్రము పోయినచో, చెడని డిస్కు సయితము మూగదియే.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో ఎన్ని యిండ్ల బీరువాలలో పెండ్లి డీవీడీలు పడియున్నవో తలంచుడు! గతించిన తాతయొక్క నవ్వును, నాయనమ్మ దీవెనయు వానిలోనే యున్నవి. ఎండయు, వేడిమియు రంగుపొర గల డిస్కులను మెల్లమెల్లగా చెరచును.

"సెల్‌ఫోనులో దాచిన చాలదా?" యని కొంద రందురు. చాలదు. ఫోను నీటబడును; రహస్యపదము మరపునకు వచ్చును; వ్రేలు తగిలి చిత్రములు చెరిగిపోవును. ఒక్కసారి మాత్రమే వ్రాయదగిన డిస్కుపైనున్నదానిని పొరపాటున చెరిపివేయుట కలుగదు. కావున డిస్కును పారవేయుడని నేను చెప్పను. దాని నొక్కదానినే నమ్ముకొనవలదనుచున్నాను.

19వ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర కడపలో పండితులకును, వ్రాయసగాండ్రకును జీతములిచ్చి, తెలుగు గ్రంథముల ప్రతులను సేకరించి, సరిపోల్చి, శుద్ధప్రతులు వ్రాయించెను. తాటియాకు గట్టిదగుటచేత మాత్రమే మన కావ్యములు మిగులలేదు. పాతయాకు శిథిలముగాక మునుపే క్రొత్తయాకున నెత్తివ్రాసిన చేతులవలన మిగిలినవి.

విద్యార్థులారా, ఆ వ్రాయసగాండ్ర పని నేడు మీది. ఈ సెలవులలో మీ యింటి డిస్కుల నన్నిటిని వెదకి, తేదీయు, పేర్లును వ్రాసిపెట్టుడు. చదువు యంత్రములు దొరకుచుండగనే వానికి రెండు ప్రతులు తీసి, రెండు వేరు స్థలములలో నుంచుడు. తలిదండ్రులారా, చిత్రములలోని పెద్దలెవరో పిల్లలకు చెప్పి వ్రాయించుడు. పాఠశాలలు సయితము తమ కంప్యూటరు గదిలో బాగుగా పనిచేయు రైటరు నొకదానిని కాపాడి, పిల్లల కుపయోగింపనిచ్చుట మేలు. వస్తువు మనకు బదులుగా జ్ఞాపక ముంచుకొనదు. ప్రతి తరమును తన చేతితో మరల నెత్తివ్రాసికొనవలసినదే.