ఆ పొట్లంలో ఉన్నది ఏ మొక్క?



రెండవ రాజుల గ్రంథం నాలుగవ అధ్యాయంలో, గిల్గాలులో కరవు కాలంలో జరిగిన ఒక సంగతి ఉంది. ఒకడు కూర కోసం పొలానికి వెళ్లి, అవి ఏమిటో తెలియకుండానే అడవి కాయలు కోసుకొచ్చి, తరిగి కుండలో వేశాడు. తిన్నవారు అది విషమని కేకలు పెట్టారు. తెచ్చినవాడికి చెడు ఉద్దేశం లేదు. మొక్కను గుర్తుపట్టలేకపోయాడు, అంతే. మూలికా మందుల విషయంలో ఈనాటి చిక్కు కూడా అదే.

పచ్చకామెర్లతో ఆసుపత్రికి వచ్చేవారిలో చాలామంది అప్పటికే ఏదో పసరో, పొడో వాడి ఉంటారు. ఏం తీసుకున్నారని అడిగితే "చెట్ల మందు, సిస్టర్" అంటారు. ఏ చెట్టో తెలియదు. నర్సులం ఒక ఇంజెక్షన్ ఇచ్చే ముందు సీసా మీద పేరు మూడుసార్లు చూస్తాం. పేరు చెరిగిపోతే ఆ సీసా పారేస్తాం. మరి పేరే లేని పొట్లాన్ని ఇంట్లో ఎలా మింగగలుగుతున్నాం?

కామెర్లకు మన ఊళ్లలో ఎక్కువగా వాడేది నేల ఉసిరి. దక్షిణ భారతదేశంలోని దుకాణాల నుంచి నేల ఉసిరి సరుకు తెచ్చి బెంగళూరు శాస్త్రవేత్తలు పరీక్షించారు. ఆ ఫలితాలు 2010లో వెలువడ్డాయి. సుమారు నాలుగింట మూడు వంతుల దుకాణాల్లో సరైన మొక్కే ప్రధానంగా ఉంది. మిగతా చోట్ల దాని పోలికతో ఉండే వేరే జాతులు దొరికాయి. అశోక బెరడుదీ అదే కథ. బడి ఆవరణల్లో నిటారుగా పెరిగే చెట్టును మనం అశోక చెట్టు అంటాం. నిజానికి అది నరమామిడి. స్త్రీల వ్యాధులకు ఆయుర్వేదం చెప్పిన అసలైన అశోక వేరు. బజారులో ఒకదాని బెరడు స్థానంలో మరొకటి రావడం వైద్యులకు కొత్త సంగతి కాదు.

పొరపాటు చిన్నదే అనుకోకూడదు. 1990ల మొదట్లో బెల్జియంలోని బ్రస్సెల్స్‌లో బరువు తగ్గడానికి ఇచ్చిన మాత్రల్లో ఒక చైనా మూలికకు బదులు, పేరులో దానికి దగ్గరగా ఉన్న విషపు మొక్క కలిసింది. వంద మందికి పైగా స్త్రీల మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. ఎందరికో డయాలసిస్, మూత్రపిండ మార్పిడి అవసరమయ్యాయి.

ఎండి పొడి అయిన మొక్కను కంటితో గుర్తించడం కష్టం. కానీ దాని కణాల్లోని డి.ఎన్.ఏ. ఆ మొక్క జాతిని చెప్పగలదు. సబ్బు పెట్టె మీద గీతల బార్‌కోడ్ ఉన్నట్టే, డి.ఎన్.ఏ.లోని ఒక చిన్న భాగాన్ని చదివి, ముందే గుర్తించి దాచిన నమూనాలతో పోల్చి చూస్తారు. 2003లో కెనడా శాస్త్రవేత్త పాల్ హెబర్ట్ ఈ పద్ధతిని ప్రతిపాదించారు.

ఇది మనకు దూరపు విద్య ఏమీ కాదు. బాస్మతి బియ్యంలో వేరే బియ్యం కలిసిందేమో డి.ఎన్.ఏ.తో తేల్చడానికి హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి.లో ప్రత్యేక కేంద్రమే నెలకొల్పారు. మన లాల్‌గడి మలక్‌పేట్ పక్కన తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు కనబడుతూనే ఉంటాయి. ఎగుమతి బియ్యానికి చూపిన శ్రద్ధ రోగి మింగే వేరుకు, ఆకుకు ఎందుకు చూపకూడదు? మూలికలను పొడి చేయకముందే, సరుకు గిడ్డంగికి వచ్చినప్పుడే కంపెనీలు ఈ పరీక్ష చేయించాలి. ఆ సంగతి లేబుల్ మీద ముద్రించాలి. ప్రభుత్వం దీన్ని నియమం చేయాలని నా అభిప్రాయం.

ధర పెరుగుతుందని కొందరు అంటారు. పరీక్ష ప్రతి డబ్బాకు కాదు, ఒక్కో విడత సరుకుకు. ఆ ఖర్చు రోగి మీద పడనవసరం లేదు. తన చేత్తో మొక్క కోసి మందు చేసే వైద్యుణ్ణి నేను తప్పుపట్టడం లేదు. మొక్క పది చేతులు మారి వచ్చే చోటే భయం.

అయితే ఈ పరీక్ష అన్నిటికీ జవాబు కాదు. మరిగించి తీసిన కషాయాల్లో, సారాల్లో డి.ఎన్.ఏ. చెదిరిపోతుంది. 2015లో న్యూయార్క్‌లో నాలుగు పెద్ద దుకాణ సంస్థల మూలికా ఉత్పత్తులపై ఇలాంటి పరీక్ష చేయించినప్పుడు ఇదే వివాదం వచ్చింది. పెన్నేరుగడ్డ పొడిలో వేరుకు బదులు ఆకు కలిపినా డి.ఎన్.ఏ. ఒకటే కనుక తేడా తెలియదు. సీసం, పాదరసం వంటి లోహాలనూ ఇది పట్టదు. 2004లో అమెరికాలోని బోస్టన్ ప్రాంతపు దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్లో 14లో అటువంటి లోహాలు బయటపడ్డాయి. వాటికి వేరే పరీక్షలు కావాలి. మొక్క సరైనదే అయినా మీ జబ్బుకు పనిచేస్తుందో లేదో అన్నది ఇంకో ప్రశ్న.

ఆ నియమం వచ్చేదాకా మన చేతిలో ఉన్నవి ఇవి:

1. లేబుల్ లేని పొడి, పసరు వాడవద్దు. ఆయుర్వేద మందు డబ్బా మీద లైసెన్సు నంబరు, అందులోని మూలికల పేర్లు ఉండాలని చట్టం చెబుతోంది. చదివి కొనండి.

2. ఆసుపత్రికి వచ్చేటప్పుడు ఆ డబ్బాను, పొట్లాన్ని వెంట తెచ్చి సిస్టర్‌కు చూపించండి. దాచవద్దు. ఎవరూ కోప్పడరు.

3. కామెర్లు జబ్బు కాదు, జబ్బుకు గుర్తు. వైరస్ వల్ల రావచ్చు, పిత్తనాళంలో రాయి అడ్డుపడినా రావచ్చు. ముందు రక్తపరీక్ష చేయించండి, మందు సంగతి తర్వాత. గర్భిణీలైతే ఒక్కరోజు కూడా ఆలస్యం చేయవద్దు.

మొక్కలను దేవుడు మన మేలు కోసమే ఇచ్చాడు. వాటిని సరిగా గుర్తుపట్టే జ్ఞానాన్నీ ఆయనే ఇచ్చాడు. రెండింటినీ కలిపి వాడుకుందాం.

— నర్సింగ్ సూపరింటెండెంట్