చదవడం ఉచితమే, మెప్పు కాదు!

తెలుగులో ఒక పుస్తకం బయటికి రావాలంటే ఎన్ని చేతులు పడాలో ఒక్కసారి లెక్కపెట్టండి. అక్షరాలు కూర్చే అమ్మాయికి పేజీకింత. అట్టమీద బొమ్మ వేసినాయనకి ఇంత. కాగితం కొట్టువాడు అరువివ్వడు. ప్రెస్సువాడూ, బైండింగువాడూ సరేసరి. ఆవిష్కరణ సభలో శాలువాలకీ, మైకుకీ, సమోసాలకీ కూడా డబ్బు చెల్లుతుంది. ఇంతమందిలో కూలి లేని మనిషి ఒక్కరే. పుస్తకం ఆసాంతం చదివి బాగోగులు చెప్పే సమీక్షకురాలు!

"ఆవిడకి కూలేమిటండీ, పుస్తకం ఊరికే ఇచ్చాంగా!" అంటారు. సరే, బాగుంది. నేనీ నాలుగు మాటలూ రాస్తున్నది కూలి కోసం కాదు. ఊరికే ఇచ్చిన పుస్తకంతో మా నోటికి తాళం కూడా వేస్తామంటే మాత్రం ఒప్పుకోమని చెప్పడానికి.

మేముండేది యాప్రాల్లో. సికింద్రాబాదుకి ఓ చివర, మిలిటరీ స్థలాలూ, రిటైరైన ఆఫీసర్ల ఇళ్ళూ ఉన్న చోటు. పాలకీ కూరలకీ లోటు లేదు గానీ, నాలుగు తెలుగు పుస్తకాలు తిరగేసి ఒకటి ఎంచుకోవాలంటే కోఠీ, కాచిగూడల దాకా పోవాలి. పోయి రావడానికి ఒక పూట పడుతుంది. అందుకే ఇరుగుపొరుగు ఆడవాళ్ళు "ఫలానా నవల కొనొచ్చా వదినా?" అని నన్నడుగుతారు. నేను చిన్న పత్రికలకి ఉత్తపుణ్యానికి సమీక్షలు రాస్తానని వాళ్ళకి తెలుసు. నా మాట నమ్మి రెండొందల యాభై పెట్టి కొంటారు. ఆ రెండొందల యాభై ఎక్కడిదో మీకు వేరే చెప్పాలా? ఇంటిఖర్చులో నుంచి పైసా పైసా మిగిల్చినది!

ఇక పుస్తకాలు వేసేవారి సంగతి. వాళ్ళ కష్టం నాకు తెలియక కాదు. పెద్ద సంస్థల మాట పక్కనపెట్టండి. సొంత డబ్బు పెట్టి, మహా అయితే ఐదొందల కాపీలు వేసేవారు మనకి ఎక్కువ. కట్టలన్నీ మంచం కిందే ఉంటాయి. అమ్మిపెట్టే షాపుకి కమిషన్ పోగా మిగిలేది స్వల్పం. ఏదో చవకలో పోస్టు చేద్దామంటే, తపాలా శాఖ 2024 డిసెంబరులో బుక్ పోస్టు సౌకర్యం తీసేసింది. మళ్ళీ 2025 మే నెలలో జ్ఞాన్ పోస్ట్ అని ఒకటి వచ్చిందాకా చిన్నవాళ్ళు గిలగిల్లాడారు. చెప్పుకుందామంటే పత్రికలేవీ? 1924లో మొదలైన 'భారతి' 1991లోనే ఆగిపోయింది. మిగిలిన వాటిలో సమీక్షకి దక్కేది అగ్గిపెట్టెంత చోటు. పాపం, వాళ్ళు ఎవరి గడప తొక్కుతారు? మాలాంటివాళ్ళదే.

ఇంతవరకూ నేను వాళ్ళ పక్షమే. తగాదా ఆ తరువాత మొదలవుతుంది. పుస్తకం అందిన ఎనిమిదో రోజున ఫోను. పదిహేనో రోజున ఇంకో ఫోను. రాశాక, అందులో "అచ్చుతప్పులు ఎక్కువ, సగం నుంచి కథ నీరసించింది" అన్న ఒక్క వాక్యం ఉంటే చాలు, అలక! ఒక ప్రచురణకర్త అయితే నాతో సూటిగానే అన్నారు: "ఇంట్లో ఖాళీగానే ఉంటారుగా అమ్మా, నాలుగు మంచి మాటలు రాస్తే మీ సొమ్మేం పోయింది?"

నా సొమ్ము పోలేదు నాయనా. మా పక్కింటావిడ సొమ్ము పోతుంది. ఇల్లు అలకగానే పండగ కాదు, అచ్చు కాగానే అది మంచి పుస్తకమూ కాదు. ఒకసారి మోసపోయిన ఇల్లాలు రెండోసారి తెలుగు పుస్తకం జోలికి రాదు. ఆ డబ్బుతో ఓ జాకెట్టు గుడ్డ కొనుక్కుంటుంది. అప్పుడు నష్టపోయేదెవరు? రేపు నిజంగా మంచి పుస్తకం వేసే ఇంకో చిన్న ప్రచురణకర్త. అబద్ధపు మెప్పు వల్ల ముందు మునిగేది వాళ్ళే.

"చిన్నవాళ్ళం, మమ్మల్ని కొట్టకండి" అంటారు. విస్తట్లో వడ్డించాక కూర ఉప్పన్నవాడు శత్రువు. పొయ్యి మీదుండగా రుచి చూసి చెప్పినవాడు ఆప్తుడు. మొదటి ముద్రణకి మాట పడితేనే రెండో ముద్రణ బాగుపడేది.

ఈ కష్టం మన ఒక్కరిదే అనుకోకండి. అమెరికాలో గ్యారీ గైగాక్స్ అని, ఒకప్పుడు బీమా కంపెనీలో పనిచేసినాయన ఉండేవారు. ఆయనా, డేవ్ ఆర్నెసన్ అనే మిత్రుడూ కలిసి 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట తయారుచేశారు. బల్ల చుట్టూ కూర్చుని ఒకరు కథ నడుపుతుంటే, తక్కినవారు అందులో పాత్రలై, పాచికలు వేసి ముందుకు పోయే ఆట. 1974లో వేసింది వెయ్యి కాపీలు. పెట్టెల్లో సర్దుకున్నది ఇంట్లోనే. మన మంచం కింద కట్టల్లాంటి వ్యవహారమే! మరుసటి ఏడు, 1975లో, లాస్ ఏంజిలెస్‌లో లీ గోల్డ్ అనే ఆవిడ ఆ ఆటలాడేవాళ్ళ రాతలన్నీ పోగుచేసి 'అలారమ్స్ అండ్ ఎక్స్‌కర్షన్స్' అని ఓ చిన్న పత్రిక మొదలుపెట్టింది. రాసినవారికి పారితోషికం లేదు. ఏ నియమం బాగుంది, ఏది బాగాలేదు అని ఒకరినొకరు మొహమాటం లేకుండా దులుపుకునేవారు. ఆవిడ ఆ పత్రికని 2025 దాకా నడిపింది. యాభై ఏళ్ళు! ఆ ఆట పోయిందా? దేశదేశాల్లో ఆడుతున్నారు. నిజం చెబితే చిన్నవాడు చస్తాడనేవారికి ఇంతకన్నా జవాబేం కావాలి?

మన దగ్గరా అంతే. 1980లో పుట్టిన హైదరాబాద్ బుక్ ట్రస్టు వారి 'ఏడు తరాలు' ఎన్నోసార్లు మళ్ళీ అచ్చయింది. చదివినవాళ్ళు ఇంకొకరికి "చదివి తీరాలి" అని చెప్పడం వల్లే కదా! ఆ మాటకి బలం ఎక్కడిది? అన్ని పుస్తకాలకీ ఆ మాట అనకపోవడంలో ఉంది.

మా సమీక్షకులు మాత్రం తక్కువ తిన్నారా? ముందుమాటా, వెనక అట్టా చదివి సమీక్ష వండేవారున్నారు. "సమీక్షార్థం" అని ముద్ర ఉన్న పుస్తకం ఆదివారంనాడు ఆబిడ్స్ పేవ్‌మెంటు మీద మడత నలగకుండా కనిపిస్తే, సిగ్గుపడవలసింది వేసినవారు కాదు.

కాబట్టి అయ్యా ప్రచురణకర్తలూ, పుస్తకం పంపండి, మనసు పెట్టి చదువుతాం. ఫోన్లు మానండి. సమీక్షకులారా, చివరి పేజీ దాకా చదవండి, కాపీ ఊరికే వచ్చిందని రాయండి. ఇక అమ్మలూ, మీరు మంచి పుస్తకమని తెలిశాక "ఒకసారి ఇస్తారా, చదివిచ్చేస్తా" అనకుండా కొనండి. నిజం చెప్పే బాధ్యత మాది, కొని బతికించే బాధ్యత మీది. ఉత్త పొగడ్తలతో ఇంతవరకూ ఏ ప్రెస్సు బిల్లూ చెల్లలేదు!