చిక్కడపల్లిలో కొత్త దుకాణానికి అనుమతి ఇస్తున్నది ఎవరు?

గౌరవనీయులైన గ్రేటర్ హైదరాబాద్ మహానగర పాలక సంస్థ కమిషనర్ గారికి, పురపాలక శాఖ ఉన్నతాధికారులకు,

హైదరాబాదులో కొత్తగా దుకాణం తెరవాలంటే రెండు అనుమతులు కావాలి. భవనానికి పట్టణ ప్రణాళికా విభాగం ఇచ్చే నిర్మాణ అనుమతి ఒకటి. అందులో జరిగే వ్యాపారానికి ఇచ్చే ట్రేడ్ లైసెన్సు రెండోది. 2020 నాటి టీఎస్ బీపాస్ చట్టంతో మొదటి అనుమతి తీరు పూర్తిగా మారింది. 75 గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లయితే నమోదు చేసుకుంటే చాలు. 500 చదరపు మీటర్ల లోపు స్థలంలో 10 మీటర్ల ఎత్తు దాటని ఇంటికి యజమాని స్వయంగా ధ్రువీకరిస్తే అనుమతి వెంటనే వస్తుంది. వాణిజ్య భవనాలకు 21 రోజుల గడువు పెట్టారు. ఆ లోగా కార్పొరేషన్ ఏమీ చెప్పకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. 2025 మార్చిలో వచ్చిన బిల్డ్‌నౌ అనే ఆన్‌లైన్ అనుమతుల వ్యవస్థ ఇంకా ముందుకు పోయింది. ప్లాన్ల పరిశీలనకు ఇదివరకు రోజులు పట్టేది, ఇక నిమిషాల్లో కంప్యూటరే తేలుస్తుంది.

సొంత ఇల్లు కట్టుకునేవాళ్లకు ఇది మేలు చేసిన మార్పే. ఆఫీసు చుట్టూ తిరగడం తగ్గింది, చేయి తడపాల్సిన అవసరమూ తగ్గింది. కానీ ఆ నిమిషాల్లో కంప్యూటర్ చూసేది ప్లాటు కొలతలు, సెట్‌బ్యాకులు, ఎత్తు, ముందున్న రోడ్డు వెడల్పు, పార్కింగ్ శాతం. ఆ సందులో ఇప్పటికే ఎన్ని హాస్టళ్లు ఉన్నాయో, ఎన్ని మెస్సులు నడుస్తున్నాయో, సాయంత్రం ఆరింటికి అక్కడ నడవడానికి చోటు ఉంటుందో లేదో దానికి చెప్పేవారెవరు? అది చెప్పాల్సిన మనిషినే పద్ధతిలోంచి తీసేస్తే, ఇక ఆ వీధి గురించి ఆలోచించేది ఎవరు?

ట్రేడ్ లైసెన్సు సంగతీ అంతే. దాని రుసుమును రోడ్డు వెడల్పు చూసి లెక్కగడతారు. 20 అడుగుల లోపు రోడ్డు మీద చదరపు అడుగుకు 3 రూపాయలు, 20 నుంచి 30 అడుగుల దాకా 4 రూపాయలు, అంతకు మించితే 6 రూపాయలు. వసూలుకు ఇది సులువైన లెక్కే, కానీ వ్యాపారం ఆ చోటుకు తగునా తగదా అన్న ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు. పదహారు అడుగుల సందులో రెండు వందల మంది వచ్చిపోయే కేంద్రం పెడితే రుసుము తగ్గుతుంది. సందు ఇరుకైనకొద్దీ అక్కడ వ్యాపారం చౌక కావాలని కార్పొరేషన్ ఉద్దేశమా? కాదనే అనుకోవాలి. అయితే ఇన్నేళ్లుగా ఆ లెక్కను ఎందుకు సవరించలేదు?

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ మూడూ మహానగరం నడిబొడ్డున ఉన్నా, వాటి నడక చిన్న ఊరి అంగడి వీధి నడకే. కూరగాయల బండ్లు, మిఠాయి దుకాణాలు, పూజాసామాను, దర్జీలు, పుస్తకాల కొట్లు, టిఫిన్ సెంటర్లు, కర్రీ పాయింట్లు అన్నీ పక్కపక్కనే ఉంటాయి. సాయంత్రం త్యాగరాయ గానసభకు వచ్చినవాళ్లు కచేరీ అయ్యాక ఆ వీధుల్లోనే ఏదో ఒకటి తిని, నాలుగు పళ్లు కొనుక్కుని ఇంటికి పోతారు. నారాయణగూడలో వైఎంసీఏ, కేశవ మెమోరియల్ సంస్థలు, రెడ్డి మహిళా కళాశాల చుట్టూ జిరాక్సు, స్టేషనరీ, టిఫిన్ వ్యాపారాలు పెరిగాయి. అశోక్‌నగర్‌ది వేరే కథ. నగర కేంద్ర గ్రంథాలయం దగ్గరుండటం, గ్రూప్స్, సివిల్స్ శిక్షణ కేంద్రాలు ఒకదాని వెంట ఒకటి రావడం వల్ల తెలంగాణ జిల్లాలన్నిటి నుంచీ పిల్లలు అక్కడికి చేరతారు. వాళ్ల కోసం హాస్టళ్లు, వాళ్ల కోసమే మెస్సులు, వాళ్ల కోసమే స్టడీ హాళ్లు. ఇళ్లుగా అనుమతి పొందిన భవనాల్లో కింది అంతస్తు మడిగెలుగా మారింది, పై అంతస్తులు చెక్క పలకలతో అరలు కట్టిన చదువు గదులయ్యాయి. అద్దె ఎక్కువ వస్తుంది కాబట్టి యజమానులు మార్చుకున్నారు, పిల్లలకు చోటు కావాలి కాబట్టి చేరారు. వీళ్లలో ఎవరినీ నిందించడానికి లేదు. కానీ ఒక కాలనీ మొత్తం నివాసం నుంచి వ్యాపారంలోకి మారిపోతే, ఆ మార్పుకు ‘సరే’ అన్న కాగితం ఎక్కడుంది? దాని మీద తేదీ ఏది, సంతకం ఎవరిది?

2024 జులై 27న ఢిల్లీలోని ఓల్డ్ రాజేందర్‌నగర్‌లో ఓ శిక్షణ సంస్థ నేలమాళిగ గ్రంథాలయంలోకి వాననీరు దూసుకొచ్చి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ గది గ్రంథాలయానికని అనుమతి పొందినది కాదు. 2023 మార్చి 16న సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్ మంటల్లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడక పోయారు. 2025 మే 18న గుల్జార్ హౌజ్ దగ్గర కింద దుకాణాలు, పైన నివాసం ఉన్న పాత భవనంలో పదిహేడు మంది చనిపోతే, వారిలో ఎనిమిది మంది పిల్లలు. ప్రతిసారీ తనిఖీలన్నారు, నోటీసులన్నారు, కొన్నాళ్లకు అంతా సద్దుమణిగింది. అశోక్‌నగర్ స్టడీ హాళ్లకు రెండో మెట్లదారి ఉందా? సెల్లార్లలో ఇప్పటికీ ఎన్ని నడుస్తున్నాయి? హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా ఆ పేటల గుండానే మూసీకి పోతుందని, వానాకాలంలో దాని పక్క వీధులు మునుగుతాయని కార్పొరేషన్‌కు ఎవరూ చెప్పనక్కర్లేదు. నాలా పక్కన సెల్లార్‌లో వ్యాపారానికి లైసెన్సు ఇస్తున్న విభాగం, నాలాకు రిటైనింగ్ వాల్ కడుతున్న విభాగం ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయా? జిల్లాల నుంచి పిల్లల్ని పంపిన తల్లిదండ్రులు ఈ మాట అడిగితే జవాబు ఏం చెబుతారు?

రవాణా పనులు ఈ వీధుల వ్యాపారాన్ని రెండుసార్లు కదిపాయి. 2020 ఫిబ్రవరి 7న జేబీఎస్, ఎంజీబీఎస్ మధ్య మెట్రో మొదలై చిక్కడపల్లికీ నారాయణగూడకూ స్టేషన్లు వచ్చాయి. 2023 ఆగస్టు 19న ఇందిరాపార్కు నుంచి వీఎస్టీ దాకా స్టీల్ బ్రిడ్జి తెరిచారు. రెండూ కావలసినవే. పనులు సాగినన్నాళ్లూ బేరాలు లేక గుమ్మాల్లో కూర్చున్న చిన్న వ్యాపారుల సంగతి మాత్రం ఏ నివేదికలోకీ ఎక్కలేదు. పనులయ్యాక స్థలాల విలువ పెరిగింది, దానితో అద్దెలూ అడ్వాన్సులూ పెరిగాయి. పాత కిరాణా ఖాళీ చేసిన చోట ఏది రావాలన్న నిర్ణయం పూర్తిగా ఎక్కువ అద్దె ఇవ్వగలిగినవాళ్ల చేతికి పోయింది.

తోపుడుబండ్లవాళ్ల విషయంలో జరుగుతున్నది అన్యాయమని సూటిగానే చెప్పాలి. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం ప్రతి పట్టణంలో వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. సర్వే పూర్తయ్యి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ లేపకూడదు. జనం అలవాటుగా వచ్చి కొనుక్కునే సహజ మార్కెట్లను ప్రణాళికలో కాపాడాలి. యాభై ఏళ్లకు పైగా సాగుతున్న వాటిని వారసత్వ మార్కెట్లుగా గుర్తించాలి. కార్పొరేషన్ గ్రీన్, ఆంబర్, రెడ్ జోన్లని విభజన కూడా చేసింది. మరి చిక్కడపల్లి కూరగాయల వీధి ఏ రంగులో ఉంది? అది సహజ మార్కెట్టా కాదా? 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు ఆపరేషన్ రోప్ మొదలుపెట్టారు. అడ్డంగా నిలిపిన వాహనాలతో పాటు రోడ్డు పక్క ఆక్రమణలను తీయించడం దాని పని. పార్కింగ్ లేకుండా కట్టిన భవనం వల్ల బండ్లు రోడ్డెక్కితే ఆ భవనం అక్కడే ఉంటుంది, నిమ్మకాయలు అమ్మే ఆమె గంపను మాత్రం లేపుతారు. చట్టం ఇద్దరికీ ఒకటే అయినప్పుడు కష్టం ఒకరికే ఎందుకు? నారాయణగూడలో కార్పొరేషన్ కట్టించిన మోడల్ మార్కెట్‌లో పాత వ్యాపారులకు ఎందరికి చోటు దొరికింది, ఏ అద్దెకు దొరికింది అన్నది ఆ గుమ్మం ముందు బోర్డు మీద రాసి పెట్టడానికి అభ్యంతరం ఏమిటి?

2023 ఏప్రిల్‌లో కార్మిక శాఖ ఏడాదికి 10,000 రూపాయల రుసుముతో దుకాణాలు రాత్రింబవళ్లు తెరిచి ఉంచుకునే వెసులుబాటు ఇచ్చింది. ప్రధాన రోడ్డుకు అది సరిపోవచ్చు. ఇళ్ల మధ్య సందుకూ అదే నియమమా? పది నిమిషాల్లో సరుకులు చేర్చే సంస్థల డార్క్ స్టోర్లు ఇప్పుడు నివాస వీధుల్లోకి వస్తున్నాయి. లోపలికి కొనుగోలుదారు రాడు, బయట బైకుల వరస మాత్రం అర్ధరాత్రి దాకా ఆగదు. అది దుకాణమా, గోదామా?

పాత బాకీలూ తక్కువేమీ లేవు. 2007లో కొన్ని రోడ్లను వాణిజ్య రోడ్లుగా ప్రకటించి, ఇంపాక్ట్ ఫీజు కట్టినవారికి నివాసం నుంచి వ్యాపారానికి మార్పిడి అనుమతించారు. అదే ఏడాది చివర ఒకసారి, 2015లో మరోసారి అక్రమ నిర్మాణాలను క్రమబద్ధీకరించే పథకాలు తెచ్చారు. ముందు కట్టు, తర్వాత రుసుము కట్టు అన్న పాఠం అప్పుడే అందరికీ వంటబట్టింది. నియమం ప్రకారం సెట్‌బ్యాక్ వదిలి కట్టుకున్న మనిషి పక్కింటివాడి మడిగెల అద్దె చూసి బాధపడితే అతనికి ఏమని నచ్చజెప్పాలి?

కొత్త దుకాణాన్ని ఊరి విషయంగా చూడటం ప్రపంచానికి కొత్త కాదు. ఫ్రాన్సులో 1973 నాటి రొయ్యే చట్టం పెద్ద దుకాణాల అనుమతిని స్థానిక ప్రతినిధులు, వర్తకులు, వినియోగదారులు కూర్చునే సంఘాల ముందుకు తెచ్చింది. జపాన్ కూడా అదే ఏడాది పెద్ద దుకాణాల మీద చట్టం చేసి, స్థానిక వర్తకులతో చర్చను తప్పనిసరి వ్యవహారంగా నడిపింది. ఆ పద్ధతుల్లో లోపాలూ బయటపడ్డాయి, పాత వర్తకులు పోటీని అడ్డుకోవడానికి వాటిని వాడుకున్నారు. జపాన్ 2000లో ఆ చట్టాన్ని ఎత్తేసింది కూడా. హైదరాబాదు వాటిని అచ్చంగా తెచ్చుకోనక్కర్లేదు. ఇక్కడే 2023 జూన్ 16న కాచిగూడలో మొదలుపెట్టి 150 వార్డులకూ వార్డు కార్యాలయాలు ప్రకటించారు, పట్టణ ప్రణాళికా సిబ్బంది కూడా అక్కడ కూర్చుంటారన్నారు. ఆ ఆలోచన నిజంగా మంచిది. తమ వీధిలో ఏ భవనానికి ఏ వాడకం కింద అనుమతి ఉందో, కొత్తగా ఏ దరఖాస్తు వచ్చిందో ఆ కార్యాలయానికి వెళ్లి అడిగితే తెలియాలి కదా?

ఈ లేఖ కొత్త దుకాణాలు వద్దని రాసింది కాదు. అంగడి వీధికి కొత్త అంగడి రావాలి, రాకపోతే వీధి పాడుపడుతుంది. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌ల విషయంలో కార్పొరేషన్ ఒకసారి నడిచి చూసి, ఉన్న వ్యాపారాల పట్టిక తీసి, అక్కడివాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఇళ్లవాళ్లు, కిరాయిదార్లు, బండ్లవాళ్లు, హాస్టల్ పిల్లలు అందరూ ఆ మాటల్లో ఉండాలి. ఏ వీధికి ఏది తగునో అప్పుడు రాతపూర్వకంగా చెప్పాలి. దాన్ని సర్క్యులర్‌గా తెస్తారో, మాస్టర్ ప్లాన్ సవరణగా తెస్తారో కమిషనర్ గారే నిర్ణయించవచ్చు.

ఇట్లు,
చిక్కడపల్లి నివాసి