గడ్డకట్టిన టీకా బిడ్డను కాయదు

చంటిబిడ్డల తల్లిదండ్రులకు, టీకాలు వేసే డాక్టర్లకు, టీకాలు అమ్మే మందుల షాపుల వారికి, సర్పంచులకు, వార్డు కౌన్సిలర్లకు ఒక రిటైర్డ్ ఫార్మసిస్టు విన్నపం.



ముప్పయ్యేళ్ల కిందట నేను ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేసేవాణ్ణి. బుధవారం పొద్దున్నే డీప్ ఫ్రీజర్ తెరిచి, రాళ్లలా ఉన్న ఐస్ ప్యాకులు తీసి, వ్యాక్సిన్ క్యారియర్‌లో నాలుగు వైపులా బిగించి, మధ్యలో సీసాలు సర్ది ఏఎన్ఎం చేతికి ఇచ్చేవాణ్ణి. ఎండాకాలంలో మరింత గట్టిగా బిగించేవాణ్ణి. చల్లదనం ఎంత ఎక్కువైతే టీకాకు అంత మేలని మా అందరి నమ్మకం. ఒకనాటి సాయంత్రం ఏఎన్ఎం డబ్బా తిరిగి తెచ్చి, "సార్, ఈ డీపీటీ సీసాలో తరకల్లాంటివి కనిపిస్తున్నాయి, ఒకసారి చూడండి" అంది. చూశాను. ఊపాను. కలిసిపోయినట్టే అనిపించింది. "ఏం కాదులేమ్మా, వాడెయ్యి" అన్నాను.

ఆ తరకలు ఏమిటో కొన్నేళ్ల తర్వాత ఒక శిక్షణలో తెలిసింది. ఆ సీసాలో టీకా వేయించుకున్న పిల్లలెవరో, వాళ్లకు ఆ మందు పనిచేసిందో లేదో ఈనాటికీ నాకు తెలియదు. ఆ బరువే నాతో ఈ కరపత్రం రాయిస్తోంది.

డీపీటీ, పెంటావాలెంట్, హెపటైటిస్-బి, ధనుర్వాతానికి వేసే టీడీ వంటి టీకాల్లో మందు అల్యూమినియం లవణపు సన్నని రేణువులను అంటిపెట్టుకుని ఉంటుంది. సీసాను ఊపితే ద్రవం పలచని మజ్జిగలా తెల్లగా కనిపించేది అందుకే. ఆ రేణువుల తోడుంటేనే ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి గట్టిగా పుడుతుంది. సీసా గడ్డకట్టిందంటే ఐసు పలుకులు ఆ రేణువులన్నిటినీ ఒకచోటికి నెట్టి ముద్ద చేస్తాయి. ఐసు కరిగినా ముద్ద విడదు. విరిగిన పాలను ఎంత కలియబెట్టినా మళ్లీ పాలు కావు కదా, ఇదీ అంతే. టీకా బలం పోతుంది. సూది పడుతుంది, బిడ్డ ఏడుస్తుంది, కార్డు మీద తేదీ పడుతుంది, రక్షణ మాత్రం అందదు.

అన్నిటికంటే సుకుమారమైనది హెపటైటిస్-బి టీకా. సున్నాకు అర డిగ్రీ కిందికి దిగితే చాలు, గడ్డకట్టే ప్రమాదం మొదలవుతుంది. ఈ టీకాతో మన నేలకు ప్రత్యేక అనుబంధం ఉంది. విదేశాల నుంచి వచ్చే ఖరీదైన హెపటైటిస్-బి టీకా సామాన్యుడికి అందని రోజుల్లో, వరప్రసాద రెడ్డి గారు స్థాపించిన హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ 1997లో దాన్ని ఇక్కడే తయారుచేసి చౌకగా అందించింది. బిడ్డ పుట్టిన 24 గంటల్లోపు వేయాల్సిన టీకా అది. అంత కష్టపడి తెచ్చుకున్న మందును ఫ్రిజ్ లోపలి వెనక గోడకు ఆనించి, గడ్డకట్టించి పాడుచేసుకుంటున్నామంటే మనసు ఒప్పుకోదు.

వేడి తగిలితే సీసా మీది గుర్తు చెబుతుంది. గుండ్రటి బొమ్మ మధ్యలో చిన్న చదరం ఉంటుంది చూడండి, వేడికి అది నల్లబడుతుంది. చుట్టూ ఉన్న రంగుతో కలిసిపోతే ఆ సీసా వాడకూడదు. గొప్ప ఏర్పాటు. అయితే ఆ చదరానికి చలి తెలియదు. రాత్రంతా గడ్డకట్టి పొద్దున కరిగిన సీసా మీద కూడా అది తెల్లగానే ఉంటుంది. మాకందరికీ వేడి భయమే నేర్పారు, అందుకు కారణమూ ఉంది. 1995లో పల్స్ పోలియో మొదలైనప్పటి నుంచి మా చేతుల మీదుగా నడిచింది ప్రధానంగా పోలియో చుక్కలు. వాటికి వేడే శత్రువు, గడ్డకట్టినా వాటికి నష్టం లేదు. ఆ అలవాటునే మిగతా టీకాలకూ అంటగట్టాం.

ఇది మా ఒక్క ఊరి సంగతి కాదు. పలు దేశాల అధ్యయనాలను కలిపి చూసిన ఒక సమీక్ష 2017లో వెలువడింది. నిల్వలో ఉండగా టీకాలకు ఉండాల్సిన దానికంటే ఎక్కువ చలి తగలడం పేద దేశాల్లో 37.1 శాతం, సంపన్న దేశాల్లో 33 శాతం అని అందులో తేలింది. డబ్బున్న దేశాలూ తప్పించుకోలేదు. ఎందుకంటే ఈ చెడు కంటికి కనబడదు. కనబడని దాన్ని పట్టుకోవడానికి ఒక పరికరం కావాలి. నేను అడుగుతున్నది దాన్నే.

మీ పక్క వీధిలోని క్లినిక్‌కు వెళ్లి చూడండి. చాలాచోట్ల టీకాలుండేది ఇంట్లో వాడే మామూలు ఫ్రిజ్‌లోనే. పైన ఫ్రీజర్ అర, దాని కిందే టీకాల పెట్టె. కరెంటు పోతుందేమోనని ఎండాకాలంలో నాబ్‌ను చివరిదాకా తిప్పుతారు. చలికాలం వచ్చినా దాన్ని వెనక్కి తిప్పేవాళ్లుండరు. ఆదిలాబాద్, పాడేరు వైపు డిసెంబరు రాత్రుల్లో ఆ ఫ్రిజ్ లోపల ఏం జరుగుతుందో ఊహించండి. పొద్దున తొమ్మిదింటికి తలుపు తీసి థర్మామీటర్ చూస్తే 4 డిగ్రీలుంటుంది, పుస్తకంలో 4 అని రాస్తారు. తెల్లవారుజామున మూడింటికి అది సున్నా కిందికి దిగి వచ్చిందన్న ముక్క ఏ పుస్తకంలోనూ ఉండదు. లోపల చిన్న ఫ్రీజర్ పెట్టె ఉండి బయట ఒకే తలుపున్న చిన్న ఫ్రిజ్‌లో టీకాలు అసలే పెట్టవద్దని అమెరికాలోని వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తమ డాక్టర్లకు గట్టిగా చెబుతుంది. ఇక్కడ అలాంటి ఫ్రిజ్‌లో కొత్తిమీర కట్ట పక్కన టీకా పెట్టెను నేను కళ్లారా చూశాను.

రాత్రిపూట మనకు బదులు మేలుకుని ఉండే పరికరం ఉంది. దాని పేరు డేటా లాగర్. అందులో థర్మిస్టర్ అనే చిన్న పూస ఉంటుంది. వేడి చలి మారినప్పుడల్లా ఆ పూసలో కరెంటు పారే తీరు మారుతుంది. ఆ మార్పును బట్టి కొన్ని నిమిషాలకోసారి ఉష్ణోగ్రతను లెక్కగట్టి నమోదు చేసుకుంటుంది. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉన్నంతసేపు ఊరుకుంటుంది. సున్నాకు అర డిగ్రీ కింద గంటసేపు నిలిస్తే మోగుతుంది. సిమ్ కార్డున్నదైతే ఫోన్‌కు మెసేజ్ పంపుతుంది. పూసను ఎక్కడ పెట్టామన్నది చాలా ముఖ్యం. గాలిలో వేలాడదీస్తే తలుపు తీసిన ప్రతిసారీ అంకె ఎగిరిపడుతుంది, రెండు రోజులకే విసుగొచ్చి దాన్ని ఆపేస్తారు. గ్లైకాల్ నింపిన చిన్న సీసాలో ముంచి, టీకాల మధ్యే ఉంచాలి. అప్పుడు అది చూపే అంకె గాలిది కాదు, టీకా సీసాది.

ప్రభుత్వ కేంద్రాల్లో ఈ పని మొదలైంది. 2015లో ప్రారంభమైన ఈవిన్ పథకం కింద టీకాలు దాచే ఫ్రిజ్‌లైన ఐఎల్ఆర్‌లకు, డీప్ ఫ్రీజర్‌లకు ఇలాంటి సెన్సర్లు బిగించారు. అందుకు సంతోషం. రెండు ఖాళీలు మాత్రం మిగిలిపోయాయి. ప్రైవేటు క్లినిక్కు, మందుల షాపు ఆ కంటికి ఆనవు. పీహెచ్‌సీ నుంచి ఊళ్లోకి వెళ్లే ఏఎన్ఎం డబ్బాలో సెన్సరే లేదు.

అందుకని మా కోరికలివి. టీకా నిల్వ చేసే ప్రతి ప్రైవేటు క్లినిక్, ప్రతి మందుల షాపు మందుల కోసమే తయారైన ఫ్రిజ్ వాడాలి, అందులో చలిని పట్టుకునే అలారం ఉన్న లాగర్ తప్పనిసరి కావాలి. జిల్లా టీకాల అధికారి, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ తనిఖీకి వచ్చినప్పుడు నెలరోజుల నమోదు అడిగి చూడాలి. ప్రతి వ్యాక్సిన్ క్యారియర్‌లో చలి సూచిక ఒకటి ఉండాలి. దాని చిన్న తెర మీద మామూలుగా టిక్కు కనిపిస్తుంది, గడ్డకట్టే చలి తగిలితే ఇంటూ పడుతుంది. ఒకసారి ఇంటూ పడ్డాక మళ్లీ టిక్కు రాదు, ఎవరూ మార్చలేరు. ఐస్ ప్యాకుకూ టీకాకూ మధ్య అడ్డుపొర ఉండి, గడ్డకట్టకుండా కాపాడే కొత్తరకం క్యారియర్లూ వచ్చాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ వాటిని ఆమోదించింది. ఏజెన్సీ ప్రాంతాలకు వాటిని ముందుగా ఇవ్వాలి. సర్కారు నిధులు వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఆసుపత్రి అభివృద్ధి సంఘం తలుచుకుంటే ఒక మండలానికి సరిపడా సూచికలు కొనడం పెద్ద పని కాదు.

పరికరం వచ్చేలోపు చేయదగినవీ ఉన్నాయి. ఏఎన్ఎం అమ్మలకు తెలిసిందే, అయినా మళ్లీ చెబుతున్నాను. ఐస్ ప్యాకును బల్ల మీద పెట్టి, దానికి చెమట పట్టేదాకా, ఊపితే లోపల నీళ్ల చప్పుడు వినిపించేదాకా ఆగాలి. ఆ తర్వాతే డబ్బాలో పెట్టాలి. అనుమానం వస్తే ఊపి చూసే పరీక్ష ఉంది. అదే బ్యాచ్ సీసా ఒకటి కావాలనే రాత్రంతా గడ్డకట్టించి, కరిగించి, అనుమానపు సీసాతో పాటు ఊపి, రెండిటినీ పక్కపక్కన బల్ల మీద ఉంచాలి. గడ్డకట్టిన దానిలో మడ్డి త్వరగా అడుక్కి దిగి పైన నీరు తేరుతుంది. అనుమానపు సీసా కూడా అలాగే తేరితే పారేయాలి. గడ్డగా ఉన్నప్పుడే దొరికిన సీసాకు ఏ పరీక్షా అక్కర్లేదు, నేరుగా పారేయడమే. ఆ రోజు నాకు తెలియనిది ఇంతే.

తల్లిదండ్రులకు ఒక మాట. ఇది చదివి టీకా మానుకోకండి. గడ్డకట్టిన టీకా విషం కాదు, బలం పోయిన మందు. టీకా వేయించని బిడ్డకే అసలు ప్రమాదం. కంఠసర్పితో గొంతు పూడుకుపోయిన పిల్లల్ని మా తరం చూసింది. బిడ్డను తప్పక తీసుకెళ్లండి. వెళ్లినప్పుడు మర్యాదగా ఒక్క మాట అడగండి: "డాక్టర్ గారూ, ఫ్రిజ్‌లో రాత్రి ఎంత చలి పడిందో చూపించే మీటరు ఉందాండీ?" పదిమంది అడిగితే పదకొండో రోజు ఆ మీటరు వస్తుంది.

కలెక్టర్ గారికి ఇచ్చే అర్జీ సిద్ధంగా ఉంది. బుధ, శనివారాల్లో టీకాలు వేసే బల్ల పక్కనే ఆ కాగితం పెట్టుకుని నేను కూర్చుంటాను. బిడ్డకు టీకా వేయించాక సంతకం చేసి వెళ్లండి. సంతకం రానివారికి స్టాంపు ప్యాడ్ తెస్తాను.