తలకు కవచం, కాలికి చొక్కా

పోయిన ఆదివారం సమావేశంలో ఉగాది బండ్ల ఊరేగింపు గురించి మాటలు జరిగినప్పుడు నాకు చెప్పుకునేంత సమయం దొరకలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నా. కొంచెం పొడుగు. టీ పక్కన పెట్టుకోని చదవండి.

సంగతి ఇది. ఈసారి ఊరేగింపులో మగపిల్లోళ్ళందరూ తెల్ల పంచె, లాల్చీ, భుజాన కండువా వేసుకోని బండ్ల మీద రావాలని ఒక మాట వచ్చింది. ఒక తమ్ముడు లేచి "జీన్సులో వస్తామన్నా, మండపంలో పంచె కట్టుకుంటాం" అన్నాడు. ఇద్దరు ముగ్గురు పెద్దలకు కోపం వచ్చింది. "ఉగాదికి జీన్సేంది, మన సంస్కృతి ఏం కావాల" అన్నారు. నేను ఆ తమ్ముడి పక్షం. ఇంకొక మెట్టు పైకెక్కి చెప్తా. మామూలు జీన్సు కూడా చాలదు, రైడింగ్ జీన్సు కావాలి. ఊరేగింపు ఒక్కరోజుకే కాదు, హోసూరు నుంచి దినమూ బెంగళూరికి బండి మీద పోయి వచ్చే ప్రతి బిడ్డకూ కావాలి.

నేను చదివింది తమిళ బడిలో. హెల్మెట్టుకు తమిళంలో తలైక్కవసం అంటారు, తలకు కవచం అని. ప్యాంటుకు కాల్చట్టై అంటారు, అంటే కాలికి చొక్కా. "తలైక్కవసం ఉయిర్క్కవసం" అనే బోర్డులు రోడ్డు పక్కన మీరందరూ చూసినవే. తల కవచమే ప్రాణానికి కవచం అని దాని అర్థం. మాట నిజమే. కానీ మనవాళ్ళ ఆలోచన అక్కడితో ఆగిపోయింది. తలకు కవచం పెట్టినాం, కాలికి చొక్కాతోనే సరిపెట్టినాం.

చట్టం కూడా అక్కడే ఆగింది. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ హెల్మెట్టు గురించి చెప్తుంది. 2019 సవరణ తరువాత హెల్మెట్టు లేకుంటే 1000 రూపాయల జరిమానా, మూడు నెలలు లైసెన్సు రద్దు. ఆ సెక్షన్లో ప్యాంటు మాటే లేదు. అయితే బట్ట గురించి చట్టానికి బొత్తిగా పట్టదని కాదు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చూడండి. వెనక కూర్చున్నవాళ్ళ బట్ట చక్రంలో చుట్టుకోకుండా, వెనక చక్రాన్ని సగానికి తక్కువ కాకుండా కప్పే అడ్డు ఉండాలని అందులో రాసి ఉంది. మనం చీర గార్డు అనేది అదే. వదులుగా వేలాడే బట్టకూ తిరిగే చక్రానికీ పడదని చట్టం రాసినవాళ్ళకు తెలుసు. పంచె, కండువాలతో వంద బండ్లు పక్కపక్కన నడపమని చెప్పే మనకూ తెలియాలి.

బండ్లు పుట్టే ఊరు మనది. టీవీఎస్ ఇక్కడే, ఏథర్ ఇక్కడే. ఏ వీధిలో చూసినా బండి విడిభాగాలు చేసే షెడ్డులో పని చేసేవాడు ఒకడుంటాడు. ఇంజను గురించీ, బ్యాటరీ గురించీ గంటలకొద్దీ మాట్లాడతాం. దాని మీద కూర్చునే మనిషి ఒంటి బట్ట గురించి ఒక్కడూ మాట్లాడడు.

మా తమ్ముడి కొడుకు సంగతి చెప్తా. తెల్లవారి షిఫ్టుకు పోతా చందాపుర దాటినాక, ఫ్లైఓవరు పక్క రోడ్డులో ఇసక మీద జారినాడు. వేగం నలభై కూడా ఉండదు. హెల్మెట్టు ఉంది, తలకు గీత కూడా పడలేదు. వేసుకున్నది మామూలు జీన్సు, కొత్తదే, మందంగానే ఉంది. ఎడమ మోకాలి దగ్గర, తుంటి దగ్గర బట్ట పోయింది, బట్టతోపాటు తోలూ పోయింది. పుండులోంచి గులకరాళ్ళు ఏరి తీసినారు. దినమూ కట్టు మార్చేటప్పుడు వాడు దిండు కొరుక్కుంటుంటే మా మరదలు ఆ గదిలో ఉండలేక బయటికి పోయేది. ఎముక విరగలేదు, "చిన్న దెబ్బే" అని అందరూ అన్నారు. ఆ చిన్న దెబ్బకు ముప్పై దినాలు పనికి పోలేదు. కాంట్రాక్టు పని, పోని దినానికి కూలి లేదు.

గంటకు 40 కిలోమీటర్లంటే సెకనుకు 11 మీటర్లు. మనిషి రోడ్డు మీద పడినాక వెంటనే ఆగడు, జారుతా పోతాడు. మామూలు జీన్సు నూలు బట్ట. రాపిడి పరీక్ష యంత్రం మీద పెడితే సెకను అటూ ఇటుగా చిరిగిపోతుంది. ఆ తరువాత జారేదంతా తోలు మీదే. మల్లు పంచె సంగతి చెప్పాల్సిన పని లేదు.

రైడింగ్ జీన్సు చూసేదానికి మామూలు జీన్సు మాదిరే ఉంటుంది. తేడా లోపల. కొన్నింటిలో నూలు బట్ట కింద కెవ్లార్ వంటి అరామిడ్ నారతో అల్లిన లోపలి పొర ఉంటుంది. కెవ్లార్‌ను 1965లో అమెరికాలో డ్యూపాంట్ కంపెనీలో స్టెఫనీ క్వోలెక్ అనే మహిళా శాస్త్రవేత్త కనిపెట్టింది. గుండు ఆపే చొక్కాల్లో వాడేది అదే. ఇంకొన్నింటిలో గట్టి నారను నూలుతో కలిపి ఒకే పొరగా నేస్తారు. ఒకే పొరది పల్చగా, గాలి ఆడేటట్టు ఉంటుంది, ధర ఎక్కువ. లోపలి పొర ఉన్నది బరువు, ఉక్క, ధర కొంచెం తక్కువ.

కొనేటప్పుడు ఏం చూడాలి? రైల్వే పార్సిల్ ఆఫీసులో సరుకు తీసుకునే ముందు పెట్టె మీద రాసింది చదవడం కాదు, ప్యాకింగ్ ఎట్లుందో చెయ్యి పెట్టి చూసేవాళ్ళం. ప్యాకింగ్ సరిలేకుంటే రసీదు మీదే ఆ మాట రాసేవాళ్ళం. ఇక్కడా అంతే.

మొదట లోపలి పట్టీ చూడండి. యూరోపువాళ్ళ ఈఎన్ 17092 అనే ప్రమాణం ఉంది. దాని కింద బట్టకు ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని తరగతులు. మోకాలు, తుంటి వంటి ఎక్కువ దెబ్బ తగిలే చోట్ల ఏ తరగతి బట్టను పరీక్ష యంత్రం మీద 45 కిలోమీటర్ల వేగానికి, డబుల్ ఏ బట్టను 70కి, ట్రిపుల్ ఏ బట్టను 120కి రాపిడి పెట్టి చూస్తారు. ఇది యంత్రం లెక్క. ఆ వేగంలో పడితే ఏమీ కాదని దాని అర్థం కాదు. ఒకదానికంటే ఒకటి ఎంత గట్టిదో తెలుసుకునేదానికి పనికొస్తుంది. హైవే మీద దినమూ పోయేవాడు డబుల్ ఏ చూసుకోవాలని నా అభిప్రాయం. ఊళ్ళో తిరిగేవాడికి ఏ అయినా మేలే.

ఇక్కడ ఒక మోసం జరుగుతుంది, జాగ్రత్త. "సీఈ సర్టిఫైడ్" అని పెద్ద అక్షరాలతో రాసి అమ్ముతారు. విచారిస్తే ఆ సర్టిఫికెట్టు మోకాలి ప్యాడుకే, బట్టకు కాదు. ప్యాడు ప్రమాణం వేరు, ఈఎన్ 1621-1. బట్ట ప్రమాణం వేరు. రెండూ అడగండి. ప్యాడుల్లోనూ లెవల్ 1, లెవల్ 2 అని రెండు రకాలు. పరీక్షలో దెబ్బ కొట్టినప్పుడు అవతలికి దాటే బలం సగటున లెవల్ 1లో 35 కిలోన్యూటన్లు మించకూడదు, లెవల్ 2లో 20 మించకూడదు. అంటే లెవల్ 2 మేలు. మోకాలికి ప్యాడు ఇచ్చి తుంటి దగ్గర ఖాళీ జేబు వదిలేసే ప్యాంట్లు కూడా ఉన్నాయి. పక్కకు పడేవాడికి నేల తగిలేది తుంటికే. ఆ ప్యాడు విడిగా అయినా కొనండి.

తరువాత లోపలి పొర ఎంతదాకా ఉందో ప్యాంటు తిరగేసి చూడండి. మోకాలి మీద రెండు ముక్కలు అతికించి వదిలేసి ఉంటే వద్దు. పిరుదులు, తుంటి, తొడ పక్క, మోకాలు కప్పాలి. కుట్టు చూడండి, ఎక్కువ దెబ్బ పడే చోట రెండు మూడు వరసలుండాలి. బట్ట ఎంత గట్టిదైనా కుట్టు ఊడితే లాభం లేదు.

అంగట్లో నిలబడి అద్దంలో చూసుకోని కొనొద్దు. బండి మీద కూర్చోని చూడండి. కూర్చుంటే ప్యాంటు పైకి పోతుంది, అందుకే పొడుగు రెండంగుళాలు ఎక్కువ ఉండాలి. కూర్చున్నప్పుడు ప్యాడు సరిగ్గా మోకాలి చిప్ప మీద ఉండాలి, పైకి కిందికి జరుపుకునే వీలుంటే ఇంకా మంచిది. ప్యాడును చేత్తో పట్టి పక్కకు తిప్పండి. సులభంగా తిరిగితే పడినప్పుడూ తిరుగుతుంది, అప్పుడు అది అలంకారమే. అట్లని ఒంటికి అతుక్కునేంత బిగువూ వద్దు. గంటసేపు మోకాలు మడిచి కూర్చోవాలి, రక్తం ఆడాలి. నడుం వెనక ఎత్తుగా, మోకాలి వెనక సాగే బట్ట ఉంటే సుఖం. సుఖం లేని ప్యాంటు బీరువాలో ఉంటుంది, బీరువాలో ఉన్న ప్యాంటు ఎవరినీ కాపాడదు.

ఇంట్లో ఆడవాళ్ళకూ, ఉతికే పని చేసే మగవాళ్ళకూ ఒక మాట. ప్యాడులు తీసి, తిరగేసి ఉతకండి. బ్లీచింగు వద్దు, అరామిడ్ నార పాడవుతుంది. మిద్దె మీద మిట్ట ఎండలో ఆరేయొద్దు, ఎండ ఆ నారకు పగ. నీడలో ఆరేయండి. ఇస్త్రీ జోలికి పోవద్దు. కొన్నింటిలో వాడే డైనీమా వంటి నార 150 డిగ్రీల దగ్గరే కరుగుతుంది.

ఇప్పుడు ఎదురుమాటలకు వస్తా.

ఉక్క అంటారు. మన ఊరు చెన్నై కాదు, వేలూరు కాదు. పొద్దున షిఫ్టుకు పోయే పిల్లోళ్ళు స్వెట్టరు వేసుకోనే పోతున్నారు. ఎండాకాలం మధ్యాహ్నం కొంచెం కష్టమే, కాదనను. దానికి ఒకే పొర జీన్సు, చిల్లుల ప్యాడులు ఉన్నాయి.

డబ్బు అంటారు. మంచిది కావాలంటే ఐదారు వేల నుంచి పదిహేను వేల దాకా అవుతుంది. తక్కువ కాదు. "బళ్ళారిలో మనవాళ్ళే ఐదారు వందలకు జీన్సు కుట్టిస్తారు కదా" అని ఒకాయన అన్నాడు. బళ్ళారి కుట్టుకు పేరుంది, నేనూ ఒప్పుకుంటా. కానీ ఇక్కడ లెక్క కుట్టుపనిది కాదు, నారది, పరీక్షది. లక్షన్నర పెట్టి బండి కొని, ఇంకో పదివేలు పెట్టి సైలెన్సరు మార్చే పిల్లోడికి ప్యాంటు ఒక్కటే భారమంటే నేను నమ్మను. నిజంగానే చేతిలో డబ్బు లేనివాడు ముందు ఐఎస్ఐ ముద్ర ఉన్న మంచి హెల్మెట్టు, తరువాత గ్లవుజులు, మడమ కప్పే బూట్లు, ఆ తరువాత ప్యాంటు, ఈ వరసలో కొనుక్కోవాలి. ప్యాంటు వచ్చేదాకా మామూలు ప్యాంటు లోపల విడిగా అమ్మే మోకాలి ప్యాడులు కట్టుకున్నా కొంత మేలు.

చివరిది సంస్కృతి. పెద్దల మీద గౌరవంతోనే చెప్తున్నా. పంచె కట్టడం నాకూ ఇష్టమే, పండగ దినం నేను కట్టేది అదే. కానీ మన తాతలు పంచెను పనికి తగ్గట్టు మార్చి కట్టేవాళ్ళు. మడికి పోతే ఎగ్గట్టేవాళ్ళు, గుర్రమెక్కేవాళ్ళు గోచి బిగించేవాళ్ళు. పనికి తగిన బట్ట కట్టడమే మన సంస్కృతి. బండి నడపడం ఒక పని. డంగరీ అనే ముతక బట్ట పేరు కూడా ముంబై డోంగ్రి నుంచి ఇంగ్లీషువాళ్ళు పట్టుకుపోయిందే, అదేమీ పరాయిది కాదు. తమిళం, కన్నడం మధ్య ఇన్ని తరాలు తెలుగు నిలిచింది ఇంట్లో మాట్లాడినందుకు, బడి కోసం కొట్లాడినందుకు. బండి మీద పంచె ఎగరేసినందుకు కాదు. ఆ తెలుగు రేపు మాట్లాడాల్సింది ఈ పిల్లోళ్ళే.

అందుకే వచ్చే సమావేశంలో మూడు తీర్మానాలు పెట్టమని కార్యదర్శిగారిని కోరుతున్నా. ఒకటి, ఊరేగింపులో బండి నడిపేవాళ్ళు, వెనక కూర్చునేవాళ్ళు అందరూ హెల్మెట్టు, బూట్లు, గట్టి ప్యాంటుతో రావాలి. వేలాడే కండువా, పంచె బండి మీద వద్దు. రెండు, మండపంలో బట్టలు మార్చుకునేదానికి రెండు గదులు ఇవ్వాలి, మగవాళ్ళకొకటి, ఆడవాళ్ళకొకటి. పంచె, పట్టుచీర అక్కడ కట్టుకోని వేదిక మీదికి రండి, ఫొటోలు ఎన్నైనా తీసుకోండి. మూడు, ఈ ఏడు సౌండు పెట్టెలకు అనుకున్న డబ్బులో కొంత తగ్గించి, రైడింగ్ జీన్సు కొనే పిల్లోళ్ళకు వడ్డీ లేని అప్పుగా ఇవ్వాలి, నెలనెలా తిరిగి కట్టేటట్టు. ఇరవైమంది కలిసి అడిగితే అంగడివాడు ధర కూడా తగ్గిస్తాడు. ఆ లెక్క పుస్తకం నేను రాస్తా. ముప్పై ఏండ్లు రైల్వేలో చేసింది అదే పని.

ఒప్పుకోనివాళ్ళు కింద రాయండి, జవాబు చెప్తా. ఒప్పుకునేవాళ్ళు మాత్రం లైకు కొట్టి ఊరుకోవద్దు. ఆదివారం పది గంటలకు సమావేశానికి వచ్చి చెయ్యెత్తండి.